లలితమ్మ కొమ్ముబిళ్ళ

ఎక్కడో యుద్ధం జరుగుతుంటే ఇక్కడ పాతబస్తీలో చిల్లర మాయమైంది. దుకాణదారులంతా సొంత బిళ్ళలు కొట్టించి చిల్లరకు బదులు చేతిలో పెట్టేవారు. ఎవరి బిళ్ళ వాళ్ళ దుకాణంలోనే చెల్లుతుంది. ఊరంతా తిట్టుకుంటుంటే గడియారాలు బాగుచేసే అజ్మత్ అలీ మాత్రం పండగ చేసుకున్నాడు. చేతికొచ్చిన బిళ్ళనల్లా డబ్బాలో దాచేవాడు. ఒక్కటి ఖర్చుచేద్దామని భార్య ఇక్బాలున్నీసా అంటే ఇంతెత్తున లేచేవాడు, మహానుభావుడు!

గౌలిపురలో పాలమ్మే లలితమ్మ బిళ్ళ ఇత్తడిది కాదు. చచ్చిపోయిన బర్రె కొమ్మును బిళ్ళలుగా కోయించి, కాల్చిన ఊచతో గుర్తు పెట్టింది. ఆ నలుపులో తేనెరంగు చారను చూసి అజ్మత్ అలీ మనసు పారేసుకున్నాడు. చిల్లరకు బదులు ఆమె ఇచ్చిన ఆ బిళ్ళను మర్నాడు తిరిగిస్తేనే పాలు. ఆయన ఇవ్వలేదు. మూడు రోజులు పాలులేని చాయ్ తాగి, అదే రుచిగా ఉందని భార్యతో బొంకాడు కూడా.

నాలుగో పొద్దున లలితమ్మే గుమ్మంలోకి వచ్చింది. బిళ్ళ రాలేదంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనే ఆమె లెక్క.

"పానం బాగలేదా సాబ్? బిళ్ళ రాకపోతే బుగులైంది. బర్రె ఈనింది, జున్ను తెచ్చిన. తినుండ్రి."

అజ్మత్ అలీ సిగ్గుతో చచ్చిపోయాడు. డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. "మాఫ్ చెయ్యమ్మా. మస్తు నచ్చి దాసుకున్న. వాపస్ తీస్కో."

లలితమ్మ పడీపడీ నవ్వింది. "గింతేనా! ఉంచుకోండ్రి సాబ్. బదులు నాకొకటియ్యుండ్రి."

డబ్బా కెలికి, కెటిల్ బొమ్మ ఉన్న చాయ్ హోటల్ బిళ్ళను తీసింది. హోటలువాళ్ళు అలాంటివి కొట్టించడం మానేసి ఏడాదైంది. అజ్మత్ అలీ ప్రాణం విలవిల్లాడింది. అయినా జున్ను తిన్న నోటితో కాదనలేకపోయాడు.

రాత్రంతా నిద్ర లేదు. తెల్లారగానే ఆమె కొట్టానికి పరుగెత్తాడు.

"లలితమ్మా, నా బిళ్ళ పైలంగుందా?"

"ఎక్కడి బిళ్ళ సాబ్? నిన్ననే ఇచ్చి చాయ్ తాగిన! మీద మీగడేసిచ్చిండ్రు. గంత మంచి చాయ్‌ని డబ్బాల పెట్టుకొని ఎట్ల ఆగిండ్రు?"

తిడదామని నోరు తెరిచాడు. ఆమె మొహంలో సంతోషం చూసి నవ్వొచ్చేసింది. ఎంతసేపు నవ్వాడో, బర్రెలు కూడా మేత మానేసి చూశాయి.

ఇంటికొచ్చి డబ్బా మూత తీశాడు. కొమ్ముబిళ్ళను మాత్రం పక్కన పెట్టి, మిగతావన్నీ చాపమీద కుమ్మరించాడు.

"బేగం, బజారుకు పోదాం. ఏం తింటవో చెప్పు!"

ఇక్బాలున్నీసా ముందు ఆయన నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక, మనసు మారకముందే బురఖా వేసుకుంది.