రెండు చంకలు, ఒక వీపు

పొగ మెట్లెక్కి పైకి వస్తోంది. బట్టల ఫ్యాక్టరీ పిల్లల గదిలో ఆయా, అందరూ పొట్టి అని పిలిచే మనిషి, ముగ్గురు బిడ్డలతో కిందికి దిగుతోంది. కుడి చంకన ఒకరు, ఎడమ చంకన ఒకరు, వీపున చున్నీతో కట్టుకున్న పసిది ఒకటి. ముడి జారకుండా చున్నీ కొసని పళ్ళతో పట్టుకుంది. దించిన ముగ్గుర్నీ కనిపించిన చేతుల్లో పెట్టేసి మళ్ళీ మెట్ల వైపు పరిగెత్తింది. సెక్యూరిటీ మనిషి అడ్డం పడి ఆపేశాడు.

"వదలరా! ఇంకొకడున్నాడు పైన! నీకు దణ్ణం పెడతా, వదలరా!"

వాడు వదల్లేదు. ఎవర్నీ పైకి పంపొద్దని వాడికి ఆర్డరు. చివరికి ఇస్త్రీ సెక్షన్ ముసలాయన తడి గోనె మొహానికి చుట్టుకుని, ఎవరి ఆర్డరూ అడక్కుండా వెళ్ళి ఆ నాలుగోవాణ్ణి తెచ్చాడు. పిల్లాడు బతికాడు. గట్టిగా నవ్వితే ఇప్పటికీ దగ్గొస్తుంది వాడికి.

మర్నాడు పొట్టిని పనిలోంచి తీసేశారు. నిర్లక్ష్యం అన్నారు. కేసు కూడా పెట్టారు. పొగ చిమ్మిన బాయిలరు మీద కేసు లేదు. కింద ఉండాల్సిన పిల్లల గదిని గోడౌను చేసుకుని, పిల్లల్ని ఇస్త్రీ సెక్షన్ నెత్తికెక్కించినవాడి మీద కేసు లేదు. బట్టలకి నేల మీద చోటు, బిడ్డలకి పొగ మీద చోటు. నాలుగో బిడ్డని మోయడానికి ఒంట్లో చోటు లేకపోవడమే పొట్టి చేసిన నేరం.

గేటు దగ్గర ఆమెని తిట్టిపోసింది యాజమాన్యం కాదు, తల్లులు. ఈ సంగతి దాచుకుంటే మనకే నష్టం. కుట్టు హాల్లో ఒకామె గొంతు మిషన్ల మోతని మించి వినిపిస్తుంది. అందుకే అందరూ ఆమెని మైకు అంటారు. "బిడ్డని మంటల్లో వదిలేసి వచ్చిన దానా!" అని ముందు అరిచింది మైకే. పొట్టి తలెత్తకుండా వెళ్ళిపోయింది.

ఆ బట్టల ఫ్యాక్టరీలో పసిపిల్లల గదికి నలుగురు ఆడవాళ్ళు. కూర్చోవడం, నిలబడడం, మాట పలకడం, పక్కవాణ్ణి కొరక్కుండా ఉండడం, అన్నీ ఆ పిల్లలకి నేర్పేది వీళ్ళే. చేసేది టీచరు పని, కంపెనీ పిలిచేది ఆయా అని. అందరికన్నా పాతామె పెద్దక్క. ఆమె చేతుల మీద పెరిగిన పిల్ల ఒకతె ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో కాజాలు కుడుతోంది. రెండో ఆమె కళ్ళజోడు, అనుమానాల పుట్ట. మూడో ఆమె డిప్లొమా. పసిపిల్లల చదువు మీద రెండేళ్ళ కోర్సు చేసి వచ్చింది, ఆ చదువుకి తగ్గ ఉద్యోగం దొరుకుతుందని. అయిదేళ్ళయింది, ఆయాగానే ఉంది. నాలుగో ఆమె పొట్టి స్థానంలో వచ్చిన కొత్తమ్మాయి.

పెద్దక్క నేర్పే మొదటి పాఠం ఒక్కటే. "గదిని గోడలతో కొలవొద్దు. మన ఒంటితో కొలవండి. రెండు చంకలు, ఒక వీపు. ఆడదానికి ముగ్గురు బిడ్డలు. నలుగురం ఉంటే పన్నెండు మంది. పదమూడో బిడ్డ వచ్చిందంటే ఆ బిడ్డని వదిలేసి రావడానికే తీసుకున్నట్టు."

పొట్టి ఉన్నప్పుడు ఆ గదిలో పదహారు మంది ఉండేవాళ్ళు, మనిషికి నలుగురు. ఆ రోజు రెండోసారి ఎక్కే వీలు దొరకంది పొట్టికే. పొగ భయానికి కొందరు తల్లులు పిల్లల్ని ఇళ్ళలో వదిలేయబట్టి పన్నెండుకి దిగింది. అంతేగాని ఎవరి దయా కాదు.

నలుగురూ మేనేజరు దగ్గరికి వెళ్ళారు.

"మా గదికి ఒక పెద్ద కావాలి సార్" అంది పెద్దక్క. "మాలోంచే. పిల్లల పని తెలిసిన మనిషి. గది నిండిందని ఆమె అంటే నిండినట్టే. మీరు చెప్పినా ఇంకో బిడ్డ రాకూడదు."

మేనేజరు నవ్వాడు. "చూడమ్మా, ఆ గది కొలత మా దగ్గరుంది. ఇరవై చాపలు పడతాయి."

"చాపలు మెట్లు దిగవు సార్."

"అంటే? కంపెనీకి ఆయాలు ఆర్డర్లు వేస్తారా ఇక?"

"ఆయాలు వెయ్యరు సార్" అంది డిప్లొమా. "శిశు విద్యలో పర్యవేక్షకురాలు అని ప్రత్యేకంగా ఒక హోదా ఉంటుంది. చదువూ, చేసిన అనుభవమూ చూసి ఇస్తారు. అది మాకు కావాలి."

బయటికి పంపేశారు. ఆ రోజు నుంచి భోజనం బెల్లు కొట్టగానే నలుగురూ ముగ్గురేసి బిడ్డల్ని ఎత్తుకుని మెట్లు దిగి వాకిట్లో నిలబడ్డం మొదలుపెట్టారు. నినాదం లేదు, జెండా లేదు. ఎండలో నలుగురు ఆడవాళ్ళు, ఒంటి నిండా పిల్లలు. "ఏంటీ తమాషా?" అని అడిగితే "ప్రమాదం వస్తే దిగడం నేర్చుకుంటున్నాం సార్" అనేవాళ్ళు. కాదనడానికి నోరెక్కడుంది? బట్టలు కొనేవాళ్ళు కార్లలో వచ్చినప్పుడు కూడా అలాగే నిలబడ్డారు. కొనేవాళ్ళలో ఒకామె కారు దిగి, ఎందుకని అడిగింది. ఆ వారమే కంపెనీ నియామకం ఆర్డరు వేసింది.

శిశు విద్యా పర్యవేక్షకురాలు. హోదా, బ్యాడ్జి, కుర్చీ. ఇచ్చింది డిప్లొమాకి.

బట్టలుతికే తొట్టి దగ్గర మీటింగు పెట్టుకున్నారు. పిల్లల గుడ్డలు పిండుతూనే వాదన.

"నేను ముందే చెప్పలా?" అంది కళ్ళజోడు. "పెద్దక్కని కాదని ఈ పిల్లకెందుకిచ్చారు? మెత్తగా ఉంటుందని. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆర్డర్లో గది నిండిందని చెప్పే హక్కు ఎక్కడైనా ఉందా?"

డిప్లొమా తల వంచుకుని గుడ్డ పిండుతోంది. పొద్దున క్యారేజీ మూతలో బ్యాడ్జి చూసుకుంటూ ఆమె కళ్ళు తుడుచుకోవడం కొత్తమ్మాయి చూసింది. చూసి చెప్పలేదు.

"నోరు విప్పవేమే?" అని కళ్ళజోడు గుడ్డని బండకేసి కొట్టింది. "రేపు ఆయన ఇరవై మందిని తోస్తే ఏం చేస్తావ్? బ్యాడ్జి తుడుచుకుంటావా?"

"నాకు భయంగా ఉందక్కా" అంది డిప్లొమా. "దీని కోసమే చదివాను. ఇది పోతే ఇంకెక్కడా రాదు. నేను అబద్ధం చెప్పను, నాకు భయంగా ఉంది."

"విన్నారా! మనం ఈమెతో మాట్లాడ్డం మానెయ్యాలి. వాళ్ళ మనిషి."

పెద్దక్క గుడ్డ పిండడం ఆపింది.

"కుర్చీ వాళ్ళు వేశారే, నిజమే. కూర్చున్నది మన మనిషి. మన మనిషిని ఎత్తుకెళ్ళి వాళ్ళ ఒళ్ళో మనమే కూర్చోబెడదామా? ఇంతకన్నా సుఖం ఏముంది వాళ్ళకి! నాకివ్వలేదని నాకు కుళ్ళు లేదనుకోకు. ఉంది. రాత్రంతా ఉంది. పొద్దున్నే దాన్ని మింగేశాను." తర్వాత డిప్లొమా వైపు తిరిగింది. "అమ్మాయ్, హక్కు కాయితంలో రాస్తే రాదు. నువ్వు కాదన్నప్పుడు నీ వెనక ఎంతమంది నిలబడితే అంత హక్కు. భయపడు, పర్లేదు. భయపడుతూనే చెప్పు."

కొత్త కుట్టు లైను మొదలైన రోజు మేనేజరు ఎనిమిది మంది తల్లుల్ని పిల్లలతో సహా మెట్లెక్కించాడు. అప్పుడే పనిలో చేరినవాళ్ళు. పిల్లని ఎక్కడో ఒకచోట పెడితేనే మిషను ముందు కూర్చునేది.

డిప్లొమా గుమ్మంలో నిలబడింది. వెనక తలుపు మూసి ఉంది.

"తలుపు తియ్యమ్మా" అన్నాడు మేనేజరు.

"గది నిండింది సార్."

"నీ పని లోపల చూసుకోవడం. నిండిందా లేదా అని చెప్పడం కాదు."

"నిండింది సార్."

మేనేజరు కోప్పడలేదు. తెలివైనవాడు. తల్లుల వైపు తిరిగి చేతులు చాచాడు. "నేనేం చెయ్యనమ్మా? పని ఇచ్చాను. మీలాంటి ఆడదే అడ్డం పడుతోంది. పిల్లల్ని తీసుకుని ఇళ్ళకెళ్ళండి."

అగ్గిపుల్ల గీసి పక్కకి జరగడమంటే అదే. మెట్ల కింది నుంచి మైకు గొంతు వచ్చింది. ఆ ఎనిమిది మందిలో ఒకతె మైకు తోడికోడలు. ఆమెని పనిలో పెట్టించిందే మైకు.

"ఏమే డిప్లొమా! బ్యాడ్జి పెట్టగానే మెడ తిరగడం లేదా? మా తోడికోడలి పొట్ట కొడతావా?"

"అక్కా, ఈ ఎనిమిది మందీ వస్తే ఇరవై మంది. మేం నలుగురం. మనిషికి అయిదుగురు."

"అయిదుగురు ఒక లెక్కా? మా ఇంట్లో ఏడుగుర్ని సాకాను నేను! చేతకాని పొట్టిది వదిలేసిందని అందరూ వదిలేస్తారా? నేనైతే అయిదుగుర్నీ చిటికెలో దించుతా!"

"దించు అక్కా" అంది డిప్లొమా. తలుపు తీసింది.

చాపల మీద అయిదుగుర్ని కూర్చోబెట్టారు. మైకు బిడ్డ ఒకటి, తోడికోడలి బిడ్డ ఒకటి, ఇంకో ముగ్గురు. గుమ్మం నిండా తల్లులు. మిగతా వాళ్ళు మెట్ల మీద మెడలు చాచి చూస్తున్నారు. మైకు మెట్లెక్కి వచ్చి కొంగు బిగించింది. ముందు తన బిడ్డని చంకనేసుకుంది. ఎవరికైనా అంతే కదా. దగ్గర్లో ఉన్నవాణ్ణి రెండో చంకన. పక్కనున్న పిల్లని వీపున కట్టమంది, కొత్తమ్మాయి కట్టింది. అక్కడితో ఆగింది. ఒక బిడ్డని మోచేతి మడతలో ఇరికించబోయింది. చంకలోవాడు జారాడు. వాణ్ణి పట్టుకుంటే వీపునున్నది జుట్టు పట్టి లాగింది. మళ్ళీ వంగింది. మూడోసారి మోకాళ్ళ మీద కూలబడింది.

"కానీ అక్కా, పొగ వస్తోంది" అంది డిప్లొమా నెమ్మదిగా.

మైకు లేచి గుమ్మం వైపు నడిచింది. ముగ్గురితో.

"అక్కా!" అని కేక వేసింది తోడికోడలు. "నా బిడ్డ! నా బిడ్డని వదిలేశావు!"

"నాకు చేతులెక్కడున్నాయే!"

"నీ బిడ్డని మాత్రం ముందు ఎత్తుకున్నావుగా!"

"కన్నాను కాబట్టి ఎత్తుకున్నా! నువ్వైతే ఎత్తుకోవా?"

"మరి నా పిల్ల?" అని ఇంకో తల్లి గుమ్మంలోంచి దూసుకొచ్చింది. "నా పిల్ల నీకేం పాపం చేసింది? కళ్ళెదురుగా ఉంది కదే!"

ముగ్గురూ మాటలతో ఒకరి మీద ఒకరు పడ్డారు. చాప మీది ఇద్దరూ ఏడుపందుకున్నారు. ఆ ఏడుపుకి గదిలో మిగతా అందరూ. అప్పుడు మైకు నోరు మూసుకుంది. అది చూడడం అక్కడున్నవాళ్ళకి అదే మొదటిసారి. చంకల్లో ఉన్న ఇద్దర్నీ చూసింది, చాప మీద ఉన్న ఇద్దర్నీ చూసింది.

"ఆ పొట్టిదాన్ని..." అంది.

తోడికోడలు తన బిడ్డని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. "ఇక్కడ పెట్టను" అంది. "ఇంటికీ వెళ్ళను. ఇంకో గది ఇచ్చి ఇంకో ముగ్గుర్ని పెట్టమనండి. కింద, నేల మీద. అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటా." మెట్టు మీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకతె. పాత తల్లులు లోపలికొచ్చి ఎవరి బిడ్డని వాళ్ళు తీసుకుని ఆ మెట్ల మీదే కూర్చున్నారు. పైనించి కింది దాకా మెట్లు నిండిపోయాయి. కుట్టు హాల్లో ఒక్కొక్క మిషనే ఆగిపోతుంటే ఆ మోత తగ్గడం పైకి వినిపించింది. మొత్తం ఆగాక ఎవరో కిందినించి అడిగారు, "కరెంటు పోయిందా?" అని.

"లేదురా," అంది మైకు, "వచ్చింది!"

మేనేజరు చేసిన ఫోన్లకి పోలీసు జీపు వచ్చింది. ఉత్పత్తికి ఆటంకం, అక్రమంగా తలుపు మూయడం, కార్మికుల్ని రెచ్చగొట్టడం. అన్నీ డిప్లొమా మీదే. ఆమె మొహం సున్నంలా పాలిపోయింది. బ్యాడ్జి తీసి ఇవ్వమన్నాడు మేనేజరు. ఆమె దాని మీద చెయ్యి పెట్టుకుంది, ఇవ్వలేదు. మెట్ల మీద దారి లేక పోలీసులు తల్లుల మధ్యలోంచి, పిల్లల మీదుగా కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ ఆమెని దించుకుపోయారు. కళ్ళజోడు ఆమె వెనకే జీపు దాకా వెళ్ళి, గుమ్మం బయటినుంచి పట్టుకొచ్చిన తన చెప్పుల్ని ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. పిల్లల గదిలో పనిచేసేవాళ్ళు చెప్పులేసుకోరు. డిప్లొమా వట్టి కాళ్ళతో ఉంది.

మేనేజరు పెద్దక్కని పక్కకి పిలిచాడు. మెత్తగా మాట్లాడాడు.

"చిన్నపిల్ల, దూకుడు. మేం తప్పు చేశాం. అసలు ఆ పోస్టు నీకే రావాల్సింది. చదువు లేకపోయినా పర్లేదని రాయిస్తా. ఇప్పుడే తీసుకో. వీళ్ళని పనికి పంపించు, సాయంత్రానికి అన్నీ సర్దుకుంటాయి."

పెద్దక్క ఆయన్ని చూసింది. ఎన్నేళ్ళుగా కోరుకున్న కుర్చీ అది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"ఆ పోస్టు ఖాళీ లేదు సార్" అంది పెద్దక్క. "అందులో మనిషి ఉంది. జీపులో కూర్చుంది."

జీపు కదిలింది. మెట్ల మీద నుంచి ముందుగా మైకు లేచింది. మిషన్ల వైపు చూడలేదు. బిడ్డని చంకనేసుకుని గేటు దాటి, జీపు వెళ్ళిన దారిన నడక మొదలుపెట్టింది. ఆమె వెనక తోడికోడలు, ఆ వెనక కుట్టు హాలు హాలంతా. ఇస్త్రీ సెక్షన్ నుంచి మగవాళ్ళు వచ్చి, అలిసిన చేతుల్లోంచి పిల్లల్ని అందుకుంటున్నారు.