వరస కలిస్తేనే వైద్యం

వెల్డింగు బావకి నవ్వొస్తే ఆగదు. చావింట్లో కూడా మూల నిలబడి భుజాలు ఊపేస్తాడని వాళ్ళ అత్తగారే ఊరంతా చాటింది. అలాంటివాడి కుడి కంట్లో ఇనప రజను పడింది. పడ్డది పడ్డట్టు నల్లగుడ్డు మీదే తిష్ఠ వేసింది. ఇంకో రోజు అక్కడే ఉంటే చీము పట్టి చూపు పోతుందని చూసినావిడ చెప్పేసింది.

చూసినావిడ కంటి డాక్టరమ్మ. పొరుగు రాష్ట్రం నుంచి సెలవు పెట్టుకుని మరీ ఉచిత క్లినిక్‌కి వచ్చింది. ఈ ఊళ్ళో కంటి డాక్టర్లు లేక కాదు. 'ఉచితం' అన్న మాట వాళ్ళకి వినబడదు. పాపం, చెవులు వాళ్ళ శాఖ కాదుగా!

ఆవిడ సూది తీసిందో లేదో, వైద్య మండలి ఆఫీసరు ఊడిపడ్డాడు.

"ఆగండమ్మా. మీ లైసెన్సు మీ రాష్ట్రంలోనే చెల్లుతుంది. ఇక్కడ ఎవరి కన్నూ ముట్టుకోకూడదు."

"ఏం సార్," అన్నాడు బావ, చెంప మీద కారే నీళ్ళు తుడుచుకుంటూ, "వాళ్ళ రాష్ట్రంలో కళ్ళు ముక్కు కింద ఉంటాయా?"

"వెటకారాలొద్దు. అర్జీ పెట్టుకోమనండి. రెండు మూడు నెలల్లో పర్మిషన్ వస్తుంది."

"పర్మిషన్ వస్తుంది, కన్ను పోతుంది."

"రూలు రూలే. సొంతవాళ్ళని ఇంట్లో చూసుకుంటే నేనడగను. క్లినిక్‌లో బయటివాళ్ళని చూస్తే మాత్రం ఊరుకోను." అందర్నీ బయటికి పంపి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అంతే, బావకి తోడొచ్చిన అత్తగారు కొంగు బిగించింది. "బయటివాళ్ళెవరండీ? ఇది మా అక్క కూతురు! రావే అమ్మాయ్, ఇంటికెళ్దాం."

డాక్టరమ్మ తడుముకోలేదు. "వస్తున్నా పిన్నీ," అంటూ వెంట తెచ్చుకున్న మందుల సంచీ భుజాన వేసుకుంది.

ఇల్లంటే రోడ్డుకి అవతలున్న వెల్డింగు షెడ్డే. బావని స్టూలు మీద కూర్చోబెట్టి, తల గోడకి ఆనించి, కంట్లో మొద్దుబార్చే చుక్కలు వేసింది. నుదుటికి లైటూ భూతద్దమూ తగిలించుకుంది.

"కదిలావో, సూది గుడ్డులో దిగుతుంది. నవ్వకు."

నవ్వకట! చేపని ఈదొద్దన్నట్టుంది.

ఆఫీసరు గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాడు. "మీ అక్క కూతురైతే ఆ రాష్ట్రంలో ఎందుకుందమ్మా?"

"మా అక్కని అక్కడికే ఇచ్చాం."

"మీ అక్క పేరు?"

"పెద్దదాన్ని పేరు పెట్టి పిలుస్తామా? మీ ఇంట్లో పిలుస్తారేమో!"

సూది కంటి దగ్గరికొచ్చింది. బావకి నవ్వు తన్నుకొచ్చింది. నాలిక కొరుక్కున్నాడు.

ఈలోగా క్లినిక్ ముందున్న క్యూ అంతా రోడ్డు దాటి షెడ్డుకొచ్చేసింది. ఆఫీసరు ముందున్న ముసలాయన్ని పట్టుకున్నాడు.

"నువ్వేమవుతావు?"

"పెళ్ళికి పిలవలేదని అలిగిన బాబాయిని. ఇవాళే అలక తీరింది."

బావ భుజం అదిరింది. డాక్టరమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. "నీకు చూపు కావాలా, నవ్వు కావాలా?"

"చూపే, చూపే." ఏడుపొచ్చే విషయాలన్నీ తల్చుకున్నాడు. కరెంటు ఆఫీసు తల్చుకున్నాడు. పంటి నొప్పి తల్చుకున్నాడు. భోజనానికి కూర్చున్నప్పుడు అత్తగారు చెప్పే నీతులు తల్చుకున్నాడు. సూది మళ్ళీ దగ్గరికొచ్చింది.

"మరి నువ్వు?" క్యూలో వెనకవాణ్ణి అడిగాడు ఆఫీసరు. గొంతు లేస్తోంది.

"ఆ అలిగినాయన్ని బతిమాలడానికొచ్చిన తోడల్లుణ్ణి."

"అదేంటి, మీ చుట్టాలందరికీ కళ్ళజబ్బులేనా?"

"వంశపారంపర్యం సార్!"

బావ ఊపిరి బిగబట్టాడు. గోళ్ళు తొడలో దిగాయి. గొంతులో నవ్వు పాలపొంగులా పైకొస్తోంది. డాక్టరమ్మ అతని చెవి దగ్గరకొచ్చి, "ఒక్క క్షణం ఓర్చుకో బావా," అంది.

'బావా' అనేసరికి కొంప మునిగేదే. సరిగ్గా అప్పుడే సూది మొనకి నల్లటి చుక్క అంటుకుని బయటికొచ్చింది.

"అయిపోయింది. ఇక నవ్వుకో."

నవ్వాడు. పైన రేకులు మోగిపోయేట్టు నవ్వాడు. స్టూలు మీంచి జారిపడి, కింద కూర్చుని మరీ నవ్వాడు. డాక్టరమ్మ ఆ కన్నీళ్ళు తుడిచి, అతని ఎడమ కన్ను చేత్తో మూసి, మొహం రోడ్డు వైపు తిప్పింది.

"కుడి కంటితో చూసి చెప్పు. ఏం కనబడుతోంది?"

ఆఫీసరు కూడా అటే చూశాడు.

"క్లినిక్ బోర్డు. 'ఉచిత వైద్యం, అందరూ రావచ్చు' అని రాసుంది. దాని కింద ఈ సారు వేసిన తాళం. రెండూ భేషుగ్గా కనబడుతున్నాయి మరదలా!"