రెండో గొట్టం

మెకానిక్ నీటి అడుగున గాలి పీల్చే మూతిగొట్టాన్ని నీళ్లతొట్టిలో ముంచి, బుడగలేమైనా వస్తాయేమోనని ముఖం దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. రాలేదు. పైకి తీసి, తుడిచి, నోట్లో పెట్టుకుని గాలి పీల్చాడు. పొద్దుటి నుంచి ఇది అయిదోది. గోళ్ల సందుల్లో గ్రీజు, మెడలో భూతద్దం, ఎడమ చెవిలో దూది. ఇరవై రెండేళ్ల కిందట నీటి అడుగున ఆ చెవి పోయింది. అప్పటినుంచి సముద్రంలోకి దిగేవాళ్లకి గాలి సరిగ్గా అందేలా చూడటమే అతని పని.

బావ వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. అక్క మొగుడు. ఇతనికి ఈత నేర్పినవాడు. యాభై ఆరేళ్లొచ్చినా ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకడానికి రోజూ దిగుతూనే ఉన్నాడు. నోట్లో ఉన్న గొట్టం మొరాయిస్తే అందుకోవడానికి ఛాతీ మీద ఇంకొకటి వేలాడుతుంటుంది. ఆయన రెండో గొట్టం నుంచి నిన్న గాలి కారడం మొదలైంది.

"ఏదో ఒకటి తగిలించరా. ముప్పై ఏళ్లలో దాన్ని నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు."

"ఏదో ఒకటంటే కుదరదు బావా. దాన్ని అందుకునే రోజున నీకు చూసుకునే తీరిక ఉండదు."

మెకానిక్ మూడు రకాల గొట్టాలను పక్కపక్కన పెట్టాడు. మొదటిది తగిలితే చాలు గాలి కక్కేస్తుంది, నీటి వడికే సిలిండరు ఖాళీ చేసేస్తుంది. రెండోది మొండిది, చెడిపోదు. కానీ ఊపిరి బలంగా లాగాలి. అలిసిపోయిన మనిషికి అంత బలం ఎక్కడిది? మూడోది చూడ్డానికి సబ్బుపెట్టెలా ఉంటుంది. ఏ వైపు తిప్పి పెట్టుకున్నా పనిచేస్తుంది, మెల్లగా లాగినా గాలి ఇస్తుంది. దాన్ని విప్పి, లోపలి రబ్బరు పొరను వెలుతురుకెత్తి చూశాడు. మళ్లీ బిగించి, మురికినీళ్లలోనూ కనబడేలా దానికి పసుపుపచ్చ పైపు తగిలించాడు.

"పీల్చి చూడు."

బావ పీల్చాడు. ఆగి, ఇంకోసారి పీల్చాడు.

"ఈమధ్య మెట్లెక్కేటప్పుడు కూడా ఇలాంటిదొకటి ఉంటే బావుండు అనిపిస్తోందిరా."

ఇద్దరూ నవ్వుకున్నారు.

మధ్యాహ్నం రేవు మీద జనం పరిగెత్తడం కిటికీలోంచి కనబడింది. మెకానిక్ వెళ్లేసరికి పడవ ఒడ్డుకొచ్చింది. బావ వెల్లకిలా పడి ఉన్నాడు. జోడీగా దిగినవాడు మోకాళ్ల మీద కూర్చుని ఆయన ఛాతీ నొక్కుతున్నాడు. మెకానిక్ తడిసిన ఆ పాదాలు పట్టుకున్నాడు. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

"నా పక్కనే గీకుతున్నాడన్నా," ఆసుపత్రి వరండాలో చెప్పాడు జోడీ. "ఉన్నట్టుండి నోట్లోది తీసేసి పసుపుది పెట్టుకున్నాడు. గాలి అందట్లేదని సైగ చేశాడు. బుడగలు మాత్రం వస్తూనే ఉన్నాయి. పైకి తెచ్చేలోపే..."

డాక్టరు బయటికొచ్చి గుండెపోటు, ప్రాణం దక్కలేదన్నాడు. ఇదివరకు ఆయాసమేమైనా ఉండేదా అని అడిగాడు. పొద్దున బావ మెట్ల గురించి అన్న మాట మెకానిక్‌కి గుర్తొచ్చింది.

పనిలోంచి అలాగే వచ్చేసిన అక్క, సంచీ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

"నువ్వు పెట్టింది పనిచెయ్యలేదటరా?" అంది. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామన్నట్టుగా.

"చేసిందక్కా."

"మరి?"

అతను పక్కన కూర్చున్నాడు.

సాయంత్రం రేవుకి వెళ్లాడు. బావ సామానంతా పడవలోనే ఉంది. ఎవరూ అడక్కుండానే రెండు గొట్టాలూ నోట్లో పెట్టుకుని చూశాడు. మొదటిది బాగానే ఉంది. పసుపుది ఇంకా తేలిగ్గా వచ్చింది. విప్పాడు. ఒక చీలికో, ఇసుక రేణువో, ఏదో ఒకటి దొరికితే బాగుండునని భూతద్దం కిందపెట్టి వెతికాడు. చీకటి పడేదాకా వెతికాడు. పొద్దున తను బిగించినవన్నీ బిగించినట్టే ఉన్నాయి.

పడవ మూలన, పైకొచ్చాక ఉప్పు కడుక్కోవడానికి బావ నింపి పెట్టుకున్న మంచినీళ్ల బక్కెట్టు నిండుగా ఉంది. పైన చెక్కమూత, అది ఎగిరిపోకుండా ఒక గుండ్రాయి.