ఎనిమిదో సీసా

తిమ్మక్క బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, ద్రాక్షలు తొక్కి ఎర్రబడిన పాదాలు రెండూ ముందుకు చాపుకుని, కోడలి వైపు చెయ్యి జాపుతుంది. చచ్చిపోయి రేపటికి సరిగ్గా ఏడాదయ్యే మనిషి ఇంత దర్జాగా కూర్చోవడమేమిటన్న అనుమానం నాగవేణికి రాదు. అది తోట కింది నేలమాళిగో, ఇంట్లో వంటగదో కూడా తేలడం లేదు. ఒక గోడకు చెక్క పీపాలున్నాయి, ఇంకో గోడకు ఊరగాయ జాడీలున్నాయి, నడుమ బండల సందుల్లోంచి ద్రాక్ష తీగలు లేచి ఉట్టి మీదికి పాకుతున్నాయి, ఆ తీగల కింద పసుప్పచ్చ జేసీబీ ఒకటి నెమరు వేస్తూ పడుకుని ఉంది, ఎక్కడో మడకశిర బస్సు హారన్ కొట్టుకుంటూ మెట్లు దిగి వస్తోంది.

"మే, ఆ సీసా ఇట్లా తే," అంటుంది తిమ్మక్క.

"ఏ సీసా అత్తా?"

"ఏ సీసా అని నన్నడుగుతావా? కొంగులో సుట్టుకోని సంటిబిడ్డను పట్టుకున్నట్ల పట్టుకుంటివే, ఆ సీసా. ఎనిమిదోది."

నాగవేణి తల వంచి చూసుకుంటే నిజమే, కొంగులో సీసా ఉంది, కడుపుకు చల్లగా తగులుతోంది, పడుకోబెట్టినప్పుడు పైకి ఉండాల్సిన వైపు గుర్తుగా అత్త వేలితో పెట్టిన సున్నం బొట్టు కూడా చెదరలేదు. సీసా సంగతి అలా ఉంచి, ముందు ఆ గొంతు విన్నందుకే ఆమెకు ఏడుపు తన్నుకొస్తుంది. పోయేముందు రెండు నెలలు పక్షవాతంతో ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్న మనిషి, నోటికి తాళం వేస్తే ముక్కుతోనైనా తిట్టగల మనిషి, మళ్ళీ ఇలా దబాయిస్తుంటే వినడానికి ఎంత హాయిగా ఉందో. కానీ చేతులు మాత్రం సీసాను ఇంకాస్త గట్టిగా అదుముకుంటాయి.

"ఇయ్యను," అంటుంది.

"ఏంటికి ఇయ్యవు?"

"ఈ ఏటి వంతు అయిపోయింది. ఏటికొకటి అని నువ్వే గదా అంటివి."

అన్నది తిమ్మక్కే. అంతవరకూ తినే ద్రాక్ష తప్ప మరోటి ఎరగని ఆ తోటలో, వ్యవసాయ కాలేజీలో చదువుకొచ్చిన కోడలు కాబెర్నే అనే నల్లటి చిట్టికాయల వైన్ ద్రాక్ష తీగ నాటుదామంటే ఊరంతా పగలబడి నవ్వింది. తిమ్మక్క నవ్వలేదు. ఒక కాయ నోట్లో వేసుకుని, గింజ కటుక్కున కొరికి, "దీంట్లో వగరుండాది. వగరుండేదే నిలుస్తాది," అంది. ఏడు పాళ్ళు కాబెర్నే, రెండు పాళ్ళు మెర్లో, ఒక పాలు పెటీ వెర్దో అని మూడు రకాల ద్రాక్ష రసాలు కలపాల్సిన కొలత తేల్చింది కూడా ఆమె నాలుకే. బతికినన్నాళ్ళూ వైన్ గుక్కెడు మింగింది లేదు. పుక్కిలించి, తాంబూలం ఉమ్మినట్టు తుపుక్కున ఉమ్మేసేది. మొదటి కాపు వైన్‌లోంచి పన్నెండు సీసాలు తీసి పక్కన పెట్టించి, ఇది పన్నెండేండ్లకు గానీ మాగదు, అంతవరకూ ఏటికొకటి తీసి మంచీచెడ్డా విచారిద్దాం అంది. ప్రతి ఎండాకాలం కొమ్మ కత్తిరింపులు మొదలైన రోజు ఒక సీసా తెరిచి, నోట్లో పోసుకుని, తీగ మొదట్లో ఉమ్మి, ఒక్క మాట చెప్పేది. మొదటి ఏడు "పొగరు" అంది. రెండో ఏడూ పొగరే. మూడో ఏడు "కోపం తగ్గలా" అంది. నాలుగో ఏడు నేరేడుపండు వాసన వేసిందని చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. ఐదో ఏడు చూస్తే వాసనా లేదు, రుచీ లేదు. "మూగబోయింది. సావలా, మూగబోయిందంతే. మొగపిల్లోళ్ళు గూడా మీసాలొచ్చే ఈడులో ఎవురితోనూ మాట్లాడరు గదా," అని సీసా పక్కన పెట్టేసింది.

ఆరో ఏటికి తిమ్మక్కకే మాట పడిపోయింది. చల్లగా ఉంటుందని నేలమాళిగ మెట్ల కిందే ఆమె మంచం వేశారు. పెద్దకొడుకు గోపాలప్ప సీసా తెచ్చి, తెరిచి, చెంచాతో తల్లి పెదాల మధ్య పోశాడు. ఆమె నాలుక కాస్త కదిలింది. తర్వాత పనిచేసే ఒక్క చెయ్యీ ఎత్తి తలుపు వైపు చూపించింది, ఒకసారి కాదు, మూడుసార్లు. "అమ్మ బయట పారబొయ్యమంటాంది," అన్నాడు గోపాలప్ప. అందరూ అదే అనుకున్నారు, నాగవేణి కూడా అదే అనుకుంది. ఇరవై రోజులకు తిమ్మక్క పోయింది. ఈ ఏడు కత్తిరింపులప్పుడు, కిందటి నెల, ఏడో సీసా నాగవేణి తెరిస్తే అదీ మూగదే. ఇంకేం, రేపు సంవత్సరీకానికి ఎనిమిదోది అమ్మ పటం ముందు పెట్టి, చుట్టాలందరికీ తలా గుక్కెడు పోద్దాం, ఇది చచ్చిన సరుకని నలుగురూ ఒప్పుకున్నాక జేసీబీ తెచ్చి తోట పీకేద్దాం, దానిమ్మ పెడదాం, ఆలస్యం అమృతం విషం అని గోపాలప్ప తీర్మానించాడు. నాగవేణి మొగుడికేముంది, అన్న ఎట్లంటే అట్ల.

"నోరెండిపోతాంది మే," అంటుంది తిమ్మక్క గొంతు తగ్గించి. "సచ్చినోళ్ళకు దాహం జాస్తి. నీకు తెలీదు."

"నీళ్ళిస్తా. మజ్జిగిస్తా. రేపు నీ ముందర రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పెడ్తా. ఇది మాత్రం అడగొద్దు."

"నేను నీ అత్తనే!"

"అయితే ఏమి? ఊరగాయ మాగకముందే జాడీ మూత తీసిందని సొంత ఆడబిడ్డ చేతిమీద గంటెతో కొట్టలేదా నువ్వు? నీకొక న్యాయం, ఊరికొక న్యాయమా?"

గోడనున్న జాడీలన్నీ ఒక్కసారి కిసుక్కున నవ్వినట్టవుతుంది. తిమ్మక్క వాటివైపు ఉరిమి చూస్తే ఊరుకుంటాయి. క్రేటు ఎప్పుడు మంచమైందో తెలియదు, ఇప్పుడామె మెట్ల కింద ఆ మంచం మీదే కూర్చుని ఉంది, కాళ్ళ ఎరుపు ఆరిపోయింది.

నాగవేణి మనసులో ఏడాదిగా నలుగుతున్న ముక్క అప్పుడు బయటికి వస్తుంది. "పారబొయ్యమని చెప్పినదానివి, మళ్ళా తాగేకి ఏంటికి అడుగుతావు?"

"ఎవురు పారబొయ్యమనింది?"

"నువ్వే. తలుపు పక్క చెయ్యి చూపితివి, మూడు తూర్లు."

తిమ్మక్కకు వచ్చిన కోపానికి ఉట్టి మీది ఆకులన్నీ వణుకుతాయి. "తలుపెయ్యండ్రా అని సెప్పినా! నడి ఎండలో తలుపు బార్లా తీసి పెట్టి, వడగాలంతా లోపలికి తోలి, సీసాలు ఉడికిపోతాంటే నా నోట్లో సెంచా పెడ్తిరి. మూడు తూర్లు సూపించినా. నిలబడి ఏడిస్తిరే గానీ, ఇంతమందిలో ఒక్కరన్నా పోయి తలుపేస్తిరా?"

నాగవేణికి నవ్వొస్తుంది, ఆ నవ్వులోనే ఏడుపూ వస్తుంది, రెండూ కలిసి ముక్కు చీదాల్సి వస్తుంది. "మరి రుచి ఎట్లుండె?"

"మూగదే. నేను గూడా ఆ పొద్దు మూగదాన్నే గదా. మూగబోతే సచ్చినట్లా? మంచం పక్కన నిలబడి పాడెకు ఎదురుబొంగులు యాడ దొరుకుతాయని మాట్లాడుకుంటిరి. అన్నీ ఇనపడతాండె నాకు."

"నేను అనలేదత్తా."

"నువ్వు అనలా. ఊరకుంటివి."

ఆ మాట నాగవేణి గుండెలో సూటిగా దిగుతుంది. కాదనడానికి లేదు. ఆ రోజు పాడె మాటలు వచ్చినప్పుడు బావ గోపాలప్పకు ఎదురు చెప్పడం ఎందుకని నోరు మూసుకుంది, ఈ ఏడాదంతా కూడా మూసుకునే ఉంది. సిగ్గుతో ఒళ్ళు వేడెక్కిపోతుంది, ఆ వేడి నేలమాళిగంతా పాకుతుంది, మెట్ల పైనుంచి కూడా సెగ దిగుతోంది.

"ఇంక ఊరుకోను," అంటుంది. "బావ కాదు గదా, వాళ్ళ నాయన లేచొచ్చినా ఊరుకోను."

"అట్లనా? అయితే ఆ సీసా ఇయ్యి," అని తిమ్మక్క మళ్ళీ చెయ్యి చాపుతుంది.

"నీకు గూడా ఇయ్యను! పన్నెండోది నీ పటం ముందర పెడ్తా, మాగినంక, నేరేడుపండు వాసన మళ్ళా వచ్చినంక. అంతవరకూ నువ్వు గూడా ఓర్చుకోల్సిందే."

తిమ్మక్క మూతి ముడుచుకుని లేస్తుంది. కోడలు మాట వినలేదని గొణుక్కుంటూ, జేసీబీని కాలితో పక్కకు జరిపి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పలచబడిపోతుంది. పై మెట్టు దగ్గర మనిషి కనబడదు గానీ గొంతు మాత్రం గట్టిగా వినిపిస్తుంది.

"మే, నాగవేణీ! తలుపు!"

నాగవేణి దిగ్గున లేచి కూర్చుంటుంది. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి, ఎవరూ సీసా జోలికి పోకుండా కాపలా ఉందామని అత్త మంచం మీద నడుం వాల్చింది, కన్ను మూతపడింది. మొహానికి వడగాలి కొడుతోంది. మెట్ల పైన తలుపు బార్లా తెరిచి ఉంది. గోపాలప్ప సీసాల వరస దగ్గర నిలబడి, ఎనిమిదోదాన్ని తువ్వాలుతో తుడుస్తున్నాడు.

"పడుకోమ్మా, పడుకో. రేపటికని ఇది తీసి పెట్టుకుంటాండా," అంటాడు.

నాగవేణి ఆయన దగ్గరికి పోదు. ముందు మెట్లెక్కి పోయి తలుపు వేస్తుంది. గాలి ఆగిపోతుంది, రాళ్ళ చల్లదనం మెల్లగా మళ్ళీ తెలుస్తుంది. అప్పుడు కిందికి దిగి వస్తుంది.

"బావా, ఆరోది అత్తకు రుచి చూపించిన పొద్దు గూడా సీసా తెచ్చింది నువ్వే గదా. తలుపేసి వస్తివా?"

"ఇప్పుడదేంటికి?"

"వేసినావా, లేదా?"

గోపాలప్ప తలుపు వైపు చూస్తాడు. ఖాళీ మంచం వైపు చూస్తాడు. తల్లి చెయ్యి ఎటు లేచిందో మనసులో కొలుచుకుంటున్నట్టు, మళ్ళీ తలుపు వైపు చూస్తాడు. "వేసినట్ల గ్యాపకం లేదు," అంటాడు.

ఆమె సీసా ఆయన చేతిలోంచి తీసుకుని, సున్నం బొట్టు పైకి వచ్చేలా దాని చోట పడుకోబెడుతుంది. "దీని వంతు వచ్చే ఏడు కత్తిరింపులకు. రేపు అత్తకు సంగటి పెడదాం. జేసీబీ వద్దని నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, మెట్లెక్కి వెలుపలికి పోతాడు. పోతూ పోతూ తలుపు దగ్గరికి లాగి వేసి పోతాడు.