నాలుక మీద చురుకు

బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన ఏడు అది. మా పేటలో ఇప్పుడు ఏ సంగతి చెప్పినా వరదకు ముందా, తర్వాతా అని అడుగుతారు. నేను చెప్పేది తర్వాతిది.

నేను ఒక బ్యాటరీ సెల్లుని. రూపాయి బిళ్లంత ఉంటాను. ఇప్పుడు వార్డు రీడింగ్ రూమ్ కిటికీ గట్టు మీద కూర్చున్నాను. నన్నెవరూ వాడరు, ఎవరూ పారెయ్యరు.

పుట్టింది సముద్రం అవతల ఎక్కడో. మొదట బరువు చూసుకునే మిషన్లో ఉన్నాను. ఆ ఇంటావిడ పొద్దున్నే ఎక్కేది. అంకె చూసి తిట్టేది. గాజులు తీసి మళ్లీ ఎక్కేది. నిజం చెప్పినన్నాళ్లూ తిట్లు తిన్నాను. అంకెలు మసకబారాక మిషన్ని ఏసోబు కొట్టుకు పట్టుకొచ్చింది.

ఏసోబు వాచీలు బాగుచేసే ముసలాయన. మూడో తరగతితో బడి మానేశాడు. "అవుద్ది", "అవదు", "రేపు రా" అనే మాటలతోనే ఇన్నేళ్లూ కొట్టు నడిపాడు. నన్ను తీసి కొత్తది వేశాడు. నన్ను నాలుక కొసకు ఆనించాడు. చురుక్కుమంది. "ఉంది" అని డబ్బాలో పడేశాడు. అది ఆయన పద్ధతి. సెల్లు బలం కొలిచే మీటరు పక్కనే ఉన్నా ముట్టడు. చురుక్కుమంటే ప్రాణమున్నట్టే. పిల్లల బొమ్మలకి ఆ మాత్రం ప్రాణం సరిపోయేది.

తర్వాత వరద. కొట్లో నడుములోతు నీళ్లు నిలిచాయి. అట్టపెట్టెల్లోని కొత్త సరుకంతా బురదయింది. మా డబ్బాకు బిగుతు మూత, అందుకని మేం తేలాం. పనికొచ్చేవి పోయి పనికిరానివి మిగిలాం. ఏసోబు రోజూ కొట్టు తెరిచి కూర్చునేవాడు. అమ్మడానికేమీ లేదని ఎవరితోనూ అనలేదు.

ఆయన అన్నకూతురు దీవెన. పాలిటెక్నిక్‌లో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. రీడింగ్ రూమ్ పుస్తకాలు వరదకు ముద్దలైపోతే, ఆ బీరువాల చోట కంప్యూటర్లు పెడదామంది. ఒక బడివాళ్లు తడిశాయని బయట పడేసిన పాత కంప్యూటరు పెట్టెలు తెచ్చింది. ఏసోబే వాటిని బ్రష్షుతో తోమి ఆరబెట్టాడు. రీడింగ్ రూమ్ కమిటీ ప్రెసిడెంటు వెంకటప్పయ్యగారు వచ్చి చూశారు.

"ఆదివారానికి నడిస్తే గది మీదేనమ్మా. నడవకపోతే సోమవారం పొద్దున్నే పాత ఇనుము బండి పిలిపిస్తా."

బజార్లో దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ముసలి పెట్టెల్లో పట్టదట. అందుకని దీవెన వేరే దారి పట్టింది. ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని జనం ఊరికే పెట్టిన సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాముల అసలు రాత, ఉంటుంది. అందులోంచి కావలసినంతే ఏరుకుని, మొదటినుంచీ తామే కట్టుకోవాలి. ముందు ఒక పెట్టెలో కట్టి, తర్వాత మిగతావాటికి ఎక్కించాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస పేర్చడం ఆమె స్నేహితుడు మస్తాన్ పని. కట్టడం దీవెన పని.

"ఎట్టా?" అన్నాడు ఏసోబు.

"పెరుక్కి తోడు కావాలి కదా బాబాయ్? మొదట పక్కింట్లో చుక్క అడిగి తెచ్చుకుంటాం. మర్నాటినించి మన పెరుగే మనకి తోడు. ఇదీ అంతే. వేరే సిస్టమ్ పనిముట్లతో మన పనిముట్లు కట్టుకోవాలి. వాటితో మిగతాదంతా."

"ఊఁ."

"ఇంకోటి బాబాయ్, దీన్లో సెల్లు చచ్చింది. కరెంటు పోయినప్పుడు తేదీ గుర్తుపెట్టుకునేది అదే. కొత్తదోటి వెయ్యవా?" అని మస్తాన్ వైపు తిరిగి, "మా బాబాయ్ కొట్లో లేనిదుండదు" అంది.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. కొట్లో లేదు అని ఏసోబు అనలేకపోయాడు. వెళ్లి డబ్బా తీశాడు. ఒక్కోదాన్నీ నాలుకకు ఆనించి పక్కన పెట్టాడు. నా వంతు వచ్చింది. ఉన్నదంతా కూడగట్టుకుని చురుక్కుమన్నాను. ఎవరో ఒకరు మళ్లీ నన్ను వాడుకోవాలని నా ఆశ. అంతకు మించి నా దగ్గరేమీ లేదని నాకు తెలుసు. ఆ చురుకు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెట్టెలో నన్ను బిగించాడు. దీవెన తేదీ సరిచేసి పని మొదలుపెట్టింది. కరెంటు ఉన్నంతసేపూ నా అవసరం లేదు. దర్జాగా కూర్చున్నాను. పనిముట్లు లేచాయి. వాటితో సిస్టమ్ లేచింది. శనివారం పొద్దున మొదటిసారి ఆడించి చూశారు. వెంకటప్పయ్యగారు కూడా ఉన్నారు. సగం దాకా వచ్చి, డిస్కు దొరకలేదని ఒక వరస రాసి ఆగిపోయింది. తప్పెక్కడుందో దీవెన మధ్యాహ్నానికల్లా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. నా పని ఒక్కటే, తేదీ మోయడం. మోయలేకపోయాను. కరెంటు వచ్చేసరికి పెట్టె తను తయారైన రెండు వేల తొమ్మిదికి వెళ్లిపోయింది. రూమ్‌లో నెట్టు తీగ వరదకే తెగింది కాబట్టి దానికి అసలు తేదీ చెప్పేవాళ్లు లేరు.

దీవెన తప్పు దిద్దింది. మళ్లీ కట్టమంది. కట్టే ప్రోగ్రాముకి తేదీలే లోకం. దిద్దిన ఫైలు కొత్తదైతేనే మళ్లీ కడుతుంది. దిద్దిన దాని మీద రెండు వేల తొమ్మిది అని ఉంది. ముందు కట్టిన దాని మీద ఈ ఏడు. ఇది పాతదే కదా అనుకుని దాన్ని ముట్టుకోలేదు. గడియారం తేడాగా ఉందని ఒక వరస గొణిగింది గానీ, తెర మీద పరుగెత్తే వరసల్లో అదెవరూ చూడలేదు. పని అయిందనుకుని, మళ్లీ ఆడించి చూడకుండానే దీవెన చీకటి పడకముందే ఇంటికెళ్లింది.

ఆదివారం కమిటీ అంతా వచ్చి కుర్చీల్లో కూర్చుంది. పెట్టె మీట నొక్కారు. సగం దాకా వచ్చింది. డిస్కు దొరకలేదంది.

"ఇది నిన్న చూశాం గదమ్మా," అన్నారు వెంకటప్పయ్యగారు. "నిన్నటి కూర వేడిచేసి వడ్డించావా?"

అందరూ నవ్వారు. "లేదండీ, నేను దిద్దానండీ" అంది దీవెన. ఆ మాట ఆమెకే నమ్మకంగా వినపడలేదు. మస్తాన్ నేల చూపులు చూశాడు. ఏసోబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

కుర్చీలు ఖాళీ అయ్యాక దీవెన మళ్లీ తెర ముందు కూర్చుంది. సాయంత్రానికి దొరికింది.

"మస్తాన్, ఈ తేదీ చూడు. రెండు వేల తొమ్మిది. అప్పుడు నేను ఇంటర్లో ఉన్నా!" ఏసోబు వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వేసింది కొత్త సెల్లే కదా?"

ఏసోబు తెరిచిన పెట్టెలో నన్నే చూస్తున్నాడు.

"ఆఁ," అన్నాడు.

"అయితే మదర్‌బోర్డే పోయింది," అన్నాడు మస్తాన్. "వరదలో నానాయి కదా. మిగతావీ అంతే. ఇప్పుడు తేదీ సరిచేసినా రేపు కరెంటు పోతే మళ్లీ మొదటికే. వదిలెయ్. వెంకటప్పయ్యగారు చెప్పిందే రైటు."

దీవెన పెట్టె మీట ఆపింది. తర్వాత నన్ను పెట్టెలోంచి తీసి ఏసోబు చేతిలో పెట్టింది. "మంచి సెల్లు బాబాయ్, వేరేదానికి వాడుకో" అంది. ఆయన్ని అనుమానించలేదు. తిట్టినా బాగుండేది. బరువు మిషన్ ఆవిడ తిట్లన్నీ కలిపినా ఆ మాటంత బరువు లేవు.

ఆ రాత్రంతా ఏసోబు చొక్కా జేబులో ఉన్నాను. చొక్కా విప్పకుండానే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రీడింగ్ రూమ్‌కి వెళ్లాడు. పాత ఇనుము బండి వచ్చేసి ఉంది. ఒక పెట్టె అప్పుడే బండెక్కింది. వెంకటప్పయ్యగారు కారు దిగుతున్నారు. దీవెన, మస్తాన్ రెండోది చెరోవైపు పట్టుకుని గుమ్మం దాటుతున్నారు. ఏసోబు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"దింపండి."

"ఏంటయ్యా?" అన్నారు వెంకటప్పయ్యగారు.

ఏసోబు నన్ను తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. అందరికీ కనపడేట్టు.

"బోర్డు మంచిదేనండి. ఇది పాత సెల్లు. కొత్తదని నేనే ఏశాను. నిన్న అడిగితే అబద్ధం చెప్పాను. పిల్ల దిద్దింది నిజమే."

"బాబాయ్!" అంది దీవెన. "లేదని చెబితే నేను బయట కొనేదాన్ని కదా."

ఏసోబు ఆమె వైపు చూడలేదు. వెంకటప్పయ్యగారికి చెయ్యి చాపాడు.

"మీ కారు రిమోట్ తాళంలో ఇట్టాంటి సెల్లే ఉంటదండి. ఒక్క పూటకి ఇప్పించండి. నా కొట్లో లేదు." చాపిన చెయ్యి తియ్యలేదు. "కొట్లో ఏమీ లేదండి. వరదప్పుడే పోయింది అంతా."

ఎవరూ నవ్వలేదు. బండివాడు బీడీ పారేశాడు. వెంకటప్పయ్యగారు తాళం చూసుకుని, ఏసోబు మొహం చూసి, ఇచ్చారు.

ఏసోబు గోటితో తాళం విప్పాడు. లోపల నాలాంటిదే ఉంది, తళతళలాడుతూ. అలవాటు కొద్దీ దాన్ని నోటి దాకా తెచ్చుకున్నాడు. అక్కడే ఆగాడు. చెయ్యి దించి, చొక్కాకు తుడిచి, దీవెన చేతిలో పెట్టాడు.

"మీటరు పెట్టి చూడమ్మా," అన్నాడు.