లోపల మిగిలినవి

లీదియా గర్భసంచిని కృపారాణి కళ్లారా చూసింది. మార్కాపురంలో అప్పుడున్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో, థియేటర్ తలుపు సగం తెరిచి నర్సు స్టీలు ట్రే బయటికి చాపింది. "మీ చెల్లెలిదే, చూడండి" అంది. తీసిందేదో మనిషి తాలూకు వాళ్లకు చూపించడం అక్కడి పద్ధతి. ట్రేలో ఎర్రగా పిడికిలంత ముద్ద. కృపారాణి తల ఊపింది. మొహం తిప్పుకోకుండా చూడగలిగినందుకు ఆమెకు కొంచెం గర్వం కూడా కలిగింది.

పెద్దారవీడు పాలెంలో ఆడవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోయేది ఆమే. మిరపకోతల్లో రోజంతా వంగి పనిచేయాలి. నెలనెలా రక్తం ఆగక కూలి పోగొట్టుకునేవాళ్లకు ఆమె చెప్పేది ఒకటే, సంచి తీయించుకోమని. తను అంతకుముందే తీయించుకుంది. చెల్లెలిని కూడా తనే ఒప్పించి ఆటో ఎక్కించింది.

"సంచి తీస్తే నడుం సన్నబడుద్దా అక్కా?" అని దారిలో అడిగింది లీదియా.

"నీ నోరు సన్నబడితే చాలు."

"అది మీ మరిదికే చేతగాలేదు, డాక్టరమ్మకేం చేతనవుద్ది!"

ఆటో అంతా నవ్వింది.

కొన్నేళ్ల తర్వాత లీదియా కడుపు ఉబ్బడం మొదలైంది. రెండు ముద్దలకే నిండిపోయేది.

"ఇది ఆడరోగమేమో అక్కా, ఒంగోలు పోదామా?"

"సంచే లేకపోతే ఆడరోగం యాడ్నుంచి వస్తదే? నా కండ్లతో చూసినా గదా. గ్యాసు. సోడా తాగు."

లీదియా సోడా తాగింది. అక్క మాటకు ఆమె ఎన్నడూ ఎదురు చెప్పలేదు. చర్చిలో మోకాళ్లు వేయడం కూడా కుదరనంతగా కడుపు పెరిగాక గుంటూరు పోయారు.

అక్కడి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. సంచికి రెండు పక్కలా రెండు గొట్టాలు, వాటి చివర కొంగు కుచ్చుల్లాంటి అంచు. సంచి తీసినప్పుడు గొట్టాలూ అండాశయాలూ లోపలే ఉంచేశారట. క్యాన్సర్ ఆ కుచ్చుల్లో పుట్టి, అండాశయం మీదికి, అక్కణ్నుంచి కడుపంతా పాకిందట. అండాశయ క్యాన్సర్ అని పిలిచేవాటిలో చాలావరకు అక్కడే మొదలవుతాయని చెప్పింది.

"నేను చూసినా గదమ్మా" అంది కృపారాణి.

ఏం చూశావని డాక్టరమ్మ అడగలేదు. "మీ అమ్మ ఎలా పోయింది?" అని అడిగింది.

"కడుపులో నీళ్లు చేరి."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. తర్వాత, ఇది తల్లి నుంచి పిల్లలకు వచ్చే రకమేమో, తెలియాలంటే రక్తపరీక్ష నువ్వూ చేయించుకోవాలమ్మా అంది.

లీదియా పోయాక కృపారాణిని ఎవరూ ఒక్క మాట అనలేదు. మరిది విక్టర్ తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనగలిగేది. ఆమె ఆస్పత్రులకు తోడు పోవడం మానేసింది. ఎవరైనా పిలిస్తే మోకాళ్ల నొప్పులనేది. అది దుఃఖమే అనుకున్నారంతా. ఆమెకు మాత్రం ఒక్కోసారి, దాక్కోవడానికి చోటు దొరికించుకున్నట్టు అనిపించేది. రక్తపరీక్షకూ పోలేదు. దానికొచ్చిన రోగం నాకూ రానీ అనుకుంటే మనసు కాస్త కుదుటపడేది. ఆ కుదురు చూసి ఆమెకే భయం వేసేది.

లీదియా కూతురు బ్లెస్సీ రెండో కాన్పుకు ముందు గిద్దలూరు నుంచి వచ్చింది. గుంటూరులోనే సిజేరియన్ చేస్తామన్నారు.

"పెద్దమ్మా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అప్పుడే చేస్తారంట. గొట్టాలు ముడేయాలా, మొత్తం తీసేయాలా అని డాక్టరమ్మ అడుగుతాంది. మా అత్త ముడి చాలంటది. నువ్వేమంటావు?"

"నన్నడగొద్దు పాపా. నా మాట వినే గదా మీ అమ్మ అట్ల అయింది."

"ఇప్పుడు నువ్వు నోరు మూసుకుంటే ఆమె లేచొస్తదా?" బ్లెస్సీ పొట్ట పట్టుకుని మంచం అంచున కూర్చుంది. "నువ్వు పరీక్షకు పోలేదని నాకు తెలుసులే. నీకూ వస్తే సరికి సరి అనుకుంటాండావా? అమ్మా పోయి, పెద్దమ్మా పోయి, నేనెవర్ని అడగాల? బాగుండాది నీ న్యాయం."

తను ఎవరితోనూ అనని మాట ఆ పిల్ల నోట విని కృపారాణి వచ్చి మంచం మీద ఆమె పక్కన కూర్చుంది.

"తీయించెయ్యి" అంది చివరికి. "ముడొద్దు. తీసినా భయం మొత్తం పోదంట. ఆ పరీక్ష గూడా చేయించుకో. నేనూ ఇస్తా రక్తం."

ఆపరేషన్ రోజు పొద్దున ఇద్దరికీ రక్తం తీశారు. మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ కృపారాణి థియేటర్ బయట కూర్చుంది. లోపల పసిబిడ్డ ఏడ్చింది. ఇంకాసేపటికి తలుపు సగం తెరుచుకుంది.

"గొట్టాలు తీసేశాం, చూడండి."

ట్రేలో వానపాముల్లాంటి రెండు ముక్కలు. చివర కుచ్చులు తడిసి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంత చిన్నవా అనుకుంది. అలవాటుగా తల ఊపబోయి ఆగింది.

"లోపల ఇంకా ఏమేమి మిగిలినాయమ్మా?"

నర్సు వింతగా చూసింది. "గర్భసంచి ఉంది, అండాశయాలున్నాయి. పరీక్ష రిపోర్టు చూసి వాటి సంగతి డాక్టరు గారు చెప్తారు. ఎందుకండీ?"

"ఏం లేదు తల్లీ."

మార్కాపురంలో ఆ నర్సుకూ ఆ రోజు తొందరేమీ లేదు. అడిగి ఉంటే ఆమె కూడా చెప్పేదే.