ఊరు ఒరిగిన వైపు

ధాన్యం గోదాముల్లో మొదటి షిఫ్టు మూడింటికి దిగుతుంది. మూడుంబావుకల్లా వాండా బారులో ఎవరి స్టూలు మీద వాళ్ళుంటారు. చేతిలో బీరు, ముందు చిన్న గిన్నెలో ఉప్పూ వెనిగరూ పట్టించిన కోడిగుడ్లు. ఈ మధ్య మాత్రం గ్లాసు వదిలేసి చేతులూపుతూ వాదించడానికి లేదు. వదిలితే అది బల్ల మీద తాపీగా జారుకుంటూ ఉత్తరపు కొస దాకా పోతుంది.

ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆడే టెవిన్ ఒగ్‌బర్న్ మోకాలు దెబ్బతిన్నప్పట్నించీ లేక్‌పోర్ట్ ఊరు అటు ఒరిగింది. స్టేడియంలో సరస్సు వైపు, ఉత్తరపు మూల, అతను నిలబడి ఎదుటివాళ్ళకి బంతి అందకుండా కాసే చోటు. అక్టోబరులో ఒక ఆదివారం అతన్ని స్ట్రెచరు మీద తీసుకుపోయారో లేదో, కొట్లలో నారింజపళ్ళు అటుకేసి దొర్లడం మొదలెట్టాయి. జనం బల్లకాళ్ళ కింద అట్టముక్కలు పెట్టుకున్నారు, తల దిగువకి రాకుండా మంచాలు తిప్పుకున్నారు. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు. మాట్లాడుకోడానికి టెవిన్ ఉండగా ఊరి ఒంపు సంగతి ఎవరిక్కావాలి?

వచ్చే ఏడాదికి జట్టు అతన్ని ఉంచుకోవాలా, వదులుకోవాలా? బారులో రోజూ ఇదే గొడవ.

"సీజను మొత్తం మీద ఎదుటివాళ్ళు విసిరిన బంతి ఎన్నిసార్లు లాక్కున్నాడయ్యా? ఒక్కసారి!" అన్నాడు కాజ్, గోదాములో క్రేను నడిపేవాడు. వేలు కూడా చూపించాడు. "ఒకే ఒక్కసారి. దానికి అంత జీతమా?"

"అటు విసిరితే కదా లాక్కోడానికి!" లెరాయ్ ముప్పయ్యేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు, గొంతు వెనక సీటు దాకా వినిపిస్తుంది. "వాడు కాపు కాస్తున్నవాడికి బంతి వెయ్యాలంటేనే భయం వాళ్ళకి. మైదానంలో ఆ పక్కకి చూడ్డమే మానేశారు. వాడి విలువ అదీ."

"అంటే ఏమీ జరక్కపోతే డబ్బులివ్వాలా? రేపట్నించి నేనూ ఆ మూల ఊరికే నిలబడతా, నాకూ ఇమ్మను."

"నువ్వు నిలబడితే వెనక కూర్చున్నవాళ్ళకి ఆట కనపడదు."

"కబుర్లు తర్వాత, ముందు గ్లాసు పట్టుకో కాజ్," అంది వాండా.

కోట్లు తగిలించే కొక్కేల పక్కన చివరి స్టూలు ఎర్విన్ డోంబెక్‌ది. నలభై ఎనిమిదేళ్ళవాడు, గోదాములో తూకం చూస్తాడు. ఆరేళ్ళుగా రోజూ వస్తున్నాడు. అడక్కుండానే వాండా బీరు పెడుతుంది, మిగతావాళ్ళు తలూపుతారు. టెవిన్ మీద అతనికీ ఒక అభిప్రాయం ఉంది గానీ, గొంతు సవరించుకునేలోపు మాట ఇంకెక్కడికో పోయేది. వాళ్ళ అరుపులు వింటూ కూర్చోవడమే అతనికి రోజులో బాగుండే వేళ. ఆ సంగతి వాళ్ళకి తెలీదని అతనికి తెలుసు.

సోమవారం మేనేజరు పిలిచాడు. "ఒమాహా గోదాముకి ఒకణ్ణి పంపాలి ఎర్విన్. పెళ్ళాంబిడ్డలున్నవాళ్ళని ఏం కదుపుతాం? నీకిక్కడ ఎవరూ లేరు కదా. శుక్రవారంలోగా చెప్పు."

ఎత్తిపొడుపు కాదది, మంచిగానే అన్నాడు. అందుకే మరీ గుచ్చుకుంది. కాదనడానికి ఒక్క పేరు కూడా నోటికి రాలేదు ఎర్విన్‌కి. తనుగనక కనపడకపోతే ఎవరైనా అడుగుతారేమో చూద్దామనిపించింది. చిన్నపిల్లల చేష్ట అని తెలిసీ ఆ రోజు బారుకి వెళ్ళలేదు. డబ్బా సూపు వేడి చేసుకుని, ఫోను పక్కనే పెట్టుకుని తాగాడు. మంగళవారం కూడా అంతే. బుధవారం ఫోను పనిచేస్తోందా అని రెండుసార్లు ఎత్తి చూశాడు. బానే పనిచేస్తోంది. అటక మీంచి పెట్టె దించాడు.

గురువారం పని నించి వచ్చి బదిలీ కాయితం ముందేసుకున్నాడు. 'సమ్మతమే' అన్న చోట సంతకం పెట్టాడు. పెన్ను పక్కన పెడితే పెట్టినచోటే ఉంది. అక్టోబరు నించీ ఏదీ అలా నిలవలేదని అతనికి తట్టలేదు.

బయట గుమ్మానికి ఏదో తగిలింది. తలుపు తీస్తే కోడిగుడ్డు. దాని వెనక నాలుగు బంగాళాదుంపలు సీడార్ వీధి ఎక్కి వస్తున్నాయి. సీడార్ వీధి స్టేడియానికి పూర్తిగా ఎదురు దిక్కు, పైగా మంచి ఎత్తు. నారింజపళ్ళు వచ్చాయి. ఆఖర్న ఒక బీరు పీపా మెల్లిగా, ఆయాసపడుతున్నట్టు దొర్లుకుంటూ వచ్చి మెట్టుకి ఆనుకుని ఆగింది.

పీపా వెనకే ముగ్గురు. వాండా ఏప్రన్ కూడా విప్పలేదు.

"ఎక్కడ చచ్చావు నాల్రోజులు, బారుకి రాకుండా?" కాజ్ నడుం పట్టుకుని అరిచాడు.

"ఏంలేదు... ఊరికే ఇంట్లో ఉన్నా."

"ఊరికేనా! ఊరికే ఇంట్లో కూర్చుని నా చేత ఈ గుట్ట ఎక్కించావు!"

"సోమవారం గ్లాసులు బల్ల మధ్యలో ఆగిపోయాయి," అంది వాండా. "నిన్నటికి ఇటు తిరిగాయి. ఎవరు తక్కువయ్యారా అని చూస్తే నీ స్టూలు ఖాళీ. ముగ్గుర్ని మార్చి మార్చి దాని మీద కూర్చోబెట్టాను ఎర్విన్. ఉత్తరాలు పంచేవాణ్ణి కూడా. ఒక్క గ్లాసూ నిలబడలేదు."

ఎర్విన్ తలుపు చెక్క పట్టుకుని, "నన్ను ఒమాహా పొమ్మంటున్నారు," అన్నాడు.

కాజ్ పీపా వైపు చూశాడు.

"ఎంత దూరం?"

"తొమ్మిదొందల మైళ్ళు పైనే."

"అంత దూరం దీని వెనక పరిగెత్తడం నా వల్ల కాదు," అన్నాడు కాజ్. ఎప్పుడూ లేనిది, మెల్లిగా అన్నాడు.

లోపలికి రమ్మన్నాడు ఎర్విన్. అన్నాక గుర్తొచ్చింది, ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో వాండా కూర్చుంది. లెరాయ్ సర్దిన పెట్టెని గోడకి జరిపి దాని మీద కూలబడ్డాడు. కాజ్ నేల మీద కాళ్ళు బార్లా చాపుకున్నాడు. ఎర్విన్ పొయ్యికి ఆనుకుని నిలబడ్డాడు. చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు. టెవిన్ మాట వచ్చింది గానీ, కాజ్ ఆ పూట వేలు చూపించలేదు.

శుక్రవారం పొద్దున్నే మేనేజరు ముందు చింపిన కాయితం పెట్టి, రానన్నాడు ఎర్విన్.

"అదేంటయ్యా, ఏం అడ్డమొచ్చింది?" అన్నాడు మేనేజరు.

"కుర్చీలు కొనుక్కోవాలండి," అన్నాడు ఎర్విన్. "మూడు."